ఇరవై ఎనిమిది మంది, ఇంకో పది మంది

ఏడేళ్ళ క్రితం మా ఆఫీసులో కొత్తగా టీమ్ లీడ్‌లైన వాళ్ళందరికీ రెండ్రోజుల శిక్షణ ఇచ్చారు. మొట్టమొదటి స్లైడు ఒక పాతకాలపు పత్రికా ప్రకటన. దక్షిణధ్రువానికి మనుషులు కావాలి, జీతం పెద్దగా ఉండదు, చలి చంపేస్తుంది, తిరిగొస్తారో రారో చెప్పలేం, వస్తే మాత్రం పేరొస్తుంది అని దాని సారాంశం. ఇచ్చినవాడు ఎర్నెస్ట్ షాకల్టన్ అన్నారు. "ఇదీ నాయకత్వమంటే" అన్నారు. మధ్యాహ్నం శాండ్‌విచ్‌తో పాటు ఆల్ఫ్రెడ్ లాన్సింగ్ రాసిన 'ఎండ్యూరెన్స్' పుస్తకం తలా ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి అలమరలో పెట్టాను. ఊరికే వచ్చిన పుస్తకాలకి ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది.

ఆ ప్రకటన సంగతి తర్వాత తెలిసింది. దాన్ని ఏ పత్రికలో వేశారో ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు. చాలామంది వెతికారు, బహుమతి ఇస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. షాకల్టన్ చనిపోయిన చాలా ఏళ్ళకి ఎవరో పుస్తకంలో రాస్తే అక్కణ్ణుంచి పాకిందన్నది ఇప్పుడు ఎక్కువమంది నమ్మే మాట. నాకు చూపించిన మొదటి స్లైడే కట్టుకథ అన్నమాట!

మేం నాలుగు కుటుంబాల వాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలిసి, అందరం చదివిన ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. (నిజానికి పులిహోర గురించి ఎక్కువ, పుస్తకం గురించి తక్కువ.) పోయిన జనవరిలో ఇక్కడ మిన్నెసోటాలో బయటికి తలపెట్టలేని చలి. అలాంటి నెలకి తగిన పుస్తకం ఉందని ఈ లాన్సింగ్‌ని అలమరలోంచి దింపాను. తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చుని చదివించిన పుస్తకం నాకు ఈమధ్య కాలంలో ఇంకోటి లేదు.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. 1911లో అముండ్‌సెన్ దక్షిణధ్రువం చేరిపోయాడు. ఇక మిగిలిన పెద్దపని ఆ ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి దాటడం, సుమారు 1800 మైళ్ళు. షాకల్టన్ దానికి పూనుకున్నాడు. ఎండ్యూరెన్స్ 1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా దీవి నుంచి బయల్దేరింది. 1915 జనవరిలో, దిగాల్సిన తీరం ఇంకో రోజు ప్రయాణం ఉందనగా, వెడెల్ సముద్రంలో మంచు చుట్టుముట్టి ఓడని బిగించేసింది. తొమ్మిది నెలలు మంచు ఎటు తోస్తే అటు పోయారు. అక్టోబరు 27న ఓడ నలిగిపోతుంటే దిగి మంచు మీదకొచ్చారు. నవంబరు 21న అది మునిగిపోయింది. 28 మంది, కొన్ని డజన్ల కుక్కలు, మూడు పడవలు, కింద ఎప్పుడు చీలుతుందో తెలియని మంచుపలక.

1916 ఏప్రిల్ 9న మంచు విడిపోతే పడవలెక్కారు. ఆరేడు రోజులు తడిసి, గడ్డకట్టి, ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడికి ఏ ఓడా రాదు. అందుకని షాకల్టన్ ఐదుగురిని తీసుకుని ఏప్రిల్ 24న 22.5 అడుగుల పడవలో, ప్రపంచంలోకెల్లా చెడ్డ సముద్రం మీద సుమారు 1500 కిలోమీటర్లు వెళ్ళి మే 10న మళ్ళీ దక్షిణ జార్జియా పట్టుకున్నాడు. దారి చూపిన కెప్టెన్ వర్స్‌లీకి ఆ పదహారు రోజుల్లో సూర్యుణ్ణి చూసి లెక్కకట్టే అవకాశం వచ్చింది నాలుగే నాలుగు సార్లు. ఒక్క డిగ్రీ తప్పినా ఆ దీవి దాటిపోయి అట్లాంటిక్‌లో కలిసిపోయేవాళ్ళు. దిగింది తీరా దీవికి మనుషులు లేని వైపు. షాకల్టన్, వర్స్‌లీ, టామ్ క్రీన్ 36 గంటలు ఆగకుండా కొండలు దాటి మే 20న తిమింగలాల వేటగాళ్ళ స్థావరం చేరారు. మూడుసార్లు విఫలమై, నాలుగోసారి చిలీ దేశపు 'యెల్చో' అనే చిన్న ఓడలో ఆగస్టు 30న ఎలిఫెంట్ దీవికి వెళితే 22 మందీ ప్రాణాలతో ఉన్నారు. బోర్లించిన రెండు పడవల కింద నాలుగు నెలలు. దొంగతనంగా ఓడెక్కి వచ్చిన పెర్స్ బ్లాక్‌బరో అనే కుర్రాడికి చలికి చచ్చిపోయిన కాలివేళ్ళని అక్కడే తీసేశారు డాక్టర్లు.

లాన్సింగ్ ఇదంతా 1959లో రాశాడు. బతికున్నవాళ్ళతో మాట్లాడి, డైరీలు సంపాదించి, అలంకారాలేమీ లేకుండా. మొదట పెద్దగా అమ్ముడుపోలేదు. ఆయన 1975లో పోయాక, ఆ తర్వాత చాలాకాలానికి, మేనేజ్‌మెంట్ వాళ్ళ కంట్లో పడ్డాక అందరి చేతుల్లోకీ వచ్చింది. 2000 ప్రాంతంలో షాకల్టన్ నుంచి వ్యాపారులు నేర్చుకోవలసింది ఏమిటి అంటూ పుస్తకాలు వరసగా వచ్చాయి. నా చేతికొచ్చిన ప్రతి ఆ వరదలో కొట్టుకొచ్చిందే.

సరే, మా నలుగురి సంగతి. ఆ శనివారం కలిసింది మా ఇంట్లోనే.

మొదటి మిత్రుడికి పుస్తకం విపరీతంగా నచ్చింది. "ఒక్కడంటే ఒక్కడు పోలేదు బాస్, ఇంకేం కావాలి?" అన్నాడు. అనుకున్న పని మొదలే కాలేదు కదా అంటే, "అదే గొప్ప. పని పోయిందని తెలిసిన రోజునే మనసులోంచి తీసేసి, మనుషుల్ని ఇంటికి చేర్చడమే పని అనుకున్నాడు. మనవాళ్ళైతే ఇంకా గడువు గురించే మాట్లాడేవాళ్ళు" అన్నాడు. అది నిజంగా మంచి మాట. అసంతృప్తిగా ఉన్నవాళ్ళని వేరే గుడారాల్లో వదలకుండా తన గుడారంలోనే పెట్టుకోవడం, పాలు కాచి అందరికీ ఒకేసారి ఇప్పించడం, వెచ్చటి తోలు సంచులు పద్దెనిమిదే ఉంటే చీట్లు వేయించి అవి ఎక్కువగా మామూలు నావికులకే వచ్చేట్టు చూడటం, ఇవన్నీ ఎంత చెప్పినా తక్కువే.

రెండో మిత్రుడు వైజాగ్ వాడు. సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు మర్చంట్ నేవీలో ఆరేళ్ళు ఇంజన్ రూములో పనిచేశాడు. అతనికి కొండలూ తుఫానులూ పట్టలేదు, తిన్నగా వడ్రంగి దగ్గర ఆగాడు. నాకూ అక్కడే ముల్లు గుచ్చుకుంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

వడ్రంగి పేరు హారీ మెక్‌నిష్. స్కాట్లాండ్‌లో పోర్ట్ గ్లాస్గో వాడు. ముతక మనిషి, నోరు మంచిది కాదు. వయసు చాలా ఎక్కువని అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి 1874లో పుట్టాడు, షాకల్టన్‌తో సమానం. ఆయన వెంట ఓడలోకి ఒక పిల్లి వచ్చింది, మిసెస్ చిప్పీ అని పిలిచేవాళ్ళు (అది మగపిల్లి అని తర్వాత తెలిసింది). ఓడ వదిలేసిన రెండ్రోజులకి, తిండి దండగని, పనికిరాని కుక్కపిల్లలతో పాటు పిల్లినీ కాల్చేయమన్నాడు షాకల్టన్. మెక్‌నిష్ దాన్ని మర్చిపోలేదు. ఓడ చెక్కలతో ఒక చిన్న ఓడ కట్టుకుందాం అని ఆయన అడిగితే అదీ ఒప్పుకోలేదు. పడవల్ని మంచు మీద లాక్కుంటూ పడమరకి నడవాలన్నాడు. టన్ను బరువు, మోకాళ్ళ లోతు బురదమంచు, రోజుకి మైలో రెండు మైళ్ళో.

1915 డిసెంబరు 27న మెక్‌నిష్ ఆగిపోయాడు. లాగను అన్నాడు. ఆయన వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఆ రోజుల ఆనవాయితీ ప్రకారం ఓడ మునిగితే నావికుల ఒప్పందం అక్కడితో సరి, జీతం ఆగుతుంది. జీతం లేనప్పుడు ఆజ్ఞ ఎక్కడిది? షాకల్టన్ అందర్నీ నిలబెట్టి ఒప్పంద పత్రం చదివి వినిపించాడు. పడవల్లోనూ ఒడ్డు మీదా కూడా చెప్పినట్టు వినాలన్న షరతు అందులో ఉందన్నాడు. జీతం కూడా ఆగదన్నాడు. కాసేపటికి మెక్‌నిష్ మళ్ళీ తాడు పట్టుకున్నాడు. ఇంకో రెండ్రోజులకి షాకల్టనే ఆ నడక మానేశాడు, ముందుకి దారి లేక. అంటే లాగడం దండగ అన్న విషయంలో వడ్రంగిదే నిజమైంది.

"అయినా సరే షాకల్టన్‌దే రైటు" అన్నాడు వైజాగ్ మిత్రుడు. "నీళ్ళ మీద ఒకడు కాదంటే రెండోవాడు అంటాడు, మూడోవాడు అంటాడు. ఇరవై ఎనిమిది మంది ఇరవై ఎనిమిది వైపులకి పోతే ఎవరూ మిగలరు. ఆ రోజు నేనైనా అలాగే చేసేవాణ్ణి." ఒక గుక్క కాఫీ తాగి, "తర్వాత చేసిందే నాకు మింగుడుపడదు" అన్నాడు.

తర్వాత జరిగిందేమిటంటే, ఎలిఫెంట్ దీవిలో ఆ 22.5 అడుగుల పడవని సముద్రానికి తట్టుకునేలా చేసింది మెక్‌నిష్. అంచులు అంతకుముందే ఎత్తు చేశాడు. స్లెడ్జి బద్దలు, పెట్టెల మూతలు అడ్డంగా పరిచి, గడ్డకట్టిన కాన్వాసుని కొవ్వు మంట మీద కాచి మెత్తబరిచి పైకప్పు వేశాడు. సందుల్లో దీపపు వత్తులు కూరి, చిత్రకారుడి తైలవర్ణాలు, సీలు రక్తం పూసి పూడ్చాడు. ఆ పడవలో ఆరుగురిలో ఒకడిగా తనూ ఎక్కాడు. దక్షిణ జార్జియాలో కొండలెక్కబోయే ముగ్గురి బూట్లకి పడవలోంచి ఊడదీసిన మరమేకులు బిగించి ఇచ్చింది కూడా ఆయనే. ఆ మేకులు లేకపోతే ఆ మంచు జారుల మీద షాకల్టన్ నిలబడేవాడు కాదు.

ఇంటికొచ్చాక పోలార్ మెడల్ కోసం షాకల్టన్ పంపిన జాబితాలో నలుగురి పేర్లు లేవు. మెక్‌నిష్, విన్సెంట్, హోల్‌నెస్, స్టీఫెన్‌సన్. వీళ్ళలో హోల్‌నెస్ ఎవరనుకున్నారు? ఒక రాత్రి గుడారం కింద మంచు చీలి, పడుకున్న సంచితో సహా నీళ్ళలో పడితే షాకల్టన్ స్వయంగా చెయ్యి పట్టి పైకి లాగింది అతణ్ణే. ప్రాణం కాపాడిన మనిషికి పతకం దగ్గరకొచ్చేసరికి చెయ్యి రాలేదు! మెక్‌నిష్‌కి ఇవ్వకపోవడం అన్యాయమని డాక్టర్ మాక్లిన్ తర్వాత చెప్పాడు.

మెక్‌నిష్ 1925లో న్యూజిలాండ్ వెళ్ళిపోయాడు. వెల్లింగ్టన్ రేవులో పనిచేస్తూ దెబ్బ తగిలి, పని చెయ్యలేక, రేవు షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకున్నాడు. తోటి పనివాళ్ళు చందాలేసుకుని చూసుకున్నారు. చివరికి ఒక వృద్ధాశ్రమంలో చేరి 1930 సెప్టెంబరులో పోయాడు. సైనిక లాంఛనాలతో పూడ్చారు గానీ సమాధి మీద పేరు లేదు. అక్కడి అంటార్కిటిక్ సంఘం వాళ్ళు 1959లో రాయి పెట్టించారు, సరిగ్గా లాన్సింగ్ పుస్తకం వచ్చిన ఏడాదే. 2004లో ఆ రాతి మీద కంచు పిల్లిని పడుకోబెట్టారు.

ఈ కథ నాన్నకి ఫోన్లో చెప్పాను. నాన్న మా ఊరి దగ్గరి చక్కెర ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవారు. అది మూతపడ్డాక కూడా, ఇవాళ తెరుస్తారు రేపు తెరుస్తారని, మూడు నెలలు రోజూ వెళ్ళి సంతకం పెట్టొచ్చారు. పడవలు, తుఫాను, కొండలు అన్నీ మౌనంగా విన్నారు. ఆఖర్న, "ఏరా, ఓడ మునిగిన తర్వాతి జీతం లెక్కకట్టి ఇచ్చారా లేదా?" అని అడిగారు. అంత పెద్ద పుస్తకం చదివిన మా నలుగురిలో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు. "పుస్తకంలో లేదు నాన్నా" అన్నాను. "ఉండదులే" అని అమ్మకి ఫోనిచ్చేశారు.

పుస్తకంలో లేనిది ఇంకోటి ఉంది, దాన్ని పట్టుకుంది మా ఆవిడ. "ఒక్కడూ పోలేదు, ఒక్కడూ పోలేదు అంటున్నారు. మరి రెండో ఓడ ఏమైంది?" అంది. లాన్సింగ్ మొదట్లో రెండో ఓడని చెప్పి, మళ్ళీ దాని వైపు దాదాపు చూడడు. ఖండం దాటాలంటే సగం దారి తర్వాత తినడానికి తిండి అవతలి వైపు నుంచి తెచ్చి పెట్టాలి. ఆ పనికి 'అరోరా' అనే ఓడ రాస్ సముద్రానికి వెళ్ళింది. 1915 మేలో తుఫానుకి తాళ్ళు తెగి ఓడ కొట్టుకుపోయింది. పదిమంది ఒడ్డున మిగిలిపోయారు, సామాన్లు చాలావరకు ఓడలోనే ఉండిపోయాయి. అయినా వాళ్ళు పని ఆపలేదు. తాము తిండి పెట్టకపోతే అటునుంచి వచ్చే షాకల్టన్ చచ్చిపోతాడు కదా! స్కాట్ వదిలేసిన పాత బట్టలు కుట్టుకుని, బియర్డ్‌మోర్ హిమనదం దాకా, వెళ్ళేటప్పుడే 350 మైళ్ళకి పైగా, డిపోలు పెట్టుకుంటూ పోయారు. ఆఖరి డిపో పెట్టింది 1916 జనవరి ఆఖరున. ఎండ్యూరెన్స్ మునిగి అప్పటికి రెండు నెలలు దాటింది. ఆ తిండి తినడానికి ఎవరూ రారని చెప్పే వైర్‌లెస్ వాళ్ళకి లేదు.

తిరుగుదారిలో స్పెన్సర్-స్మిత్ అనే పాస్టరు స్కర్వీతో నడవలేకపోతే వారాల తరబడి బండి మీద లాక్కొచ్చారు. ఇంకో రెండ్రోజుల్లో గుడిసె చేరతారనగా, మార్చి 9న పోయాడు. నాయకుడు మాకింటాష్, హేవర్డ్ ఇద్దరూ మే 8న, వద్దన్నా వినకుండా పల్చటి సముద్రపు మంచు మీద నడిచి వెళ్ళి మళ్ళీ కనపడలేదు. మిగిలిన ఏడుగురిని 1917 జనవరి 10న అదే అరోరా వచ్చి తీసుకెళ్ళింది, అందులో షాకల్టన్ కూడా ఉన్నాడు. ఎలిఫెంట్ దీవిలో 22 మందిని కాపాడిన ఫ్రాంక్ వైల్డ్ తమ్ముడు ఎర్నెస్ట్ వైల్డ్ ఈ ఏడుగురిలో ఒకడు. ఖండానికి ఈ చివర అన్న, ఆ చివర తమ్ముడు. తమ్ముడి పేరు మా నలుగురిలో ఎవరం అంతకుముందు వినలేదు.

మొదటి మిత్రుడు ఒప్పుకోలేదు. "అది వేరే టీము" అన్నాడు. "వేరే టీమెలా అవుతుంది? పంపినవాడు ఒకడే, డబ్బు చాలీ చాలకుండా ఇచ్చిందీ ఆయనే" అంది మా ఆవిడ. గారెలు చల్లారిపోయాయి.

ఓడ గురించి కూడా కాస్త చెప్పాలి. 2022 మార్చి 5న వెడెల్ సముద్రం అడుగున, 3008 మీటర్ల లోతున అది దొరికింది, వర్స్‌లీ రాసిపెట్టిన చోటుకి నాలుగు మైళ్ళ దూరంలో. వెనకవైపు పేరు చెక్కుచెదరలేదు. మంచుకి తట్టుకునే చెక్క ఓడల్లో అంత గట్టిది మరోటి దాదాపు లేదని లాన్సింగ్ రాస్తే మనం నమ్మేశాం. 2025లో ఫిన్లండ్ ఇంజనీరు యుక్కా తుహ్‌కురి లెక్కలు కట్టి చూపించినదాని ప్రకారం, నలిపే మంచుకి తగ్గట్టు దాన్ని కట్టలేదు. ఐమూలగా వేసే దూలాలు లేవు. ఇంకో యాత్రవాళ్ళ ఓడకి అవే దూలాలు వేయించుకోమని షాకల్టనే అంతకుముందు సలహా ఇచ్చాడట. తన ఓడకి వేయించలేదు. తెలిసీ బయల్దేరాడన్నమాట. ఇది విన్నాక నాకు కోపం రాకపోగా, ఆ మనిషి మొదటిసారి నాకు తెలిసినవాడిలా అనిపించాడు. టెస్టింగ్ సగంలో ఉండగా రిలీజు తేదీకి తలూపిన వాళ్ళం కదా మనం.

ఇప్పుడు నా సంగతి. ఆ రాత్రి అందరూ ఉండగా చెప్పలేకపోయాను.

శిక్షణ అయిన మరుసటేడు నా కింద ఎనిమిది మంది ఉండేవాళ్ళు. అందులో ఒకాయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, కాంట్రాక్టు మీద వచ్చాడు. డేటా మార్పిడి రిహార్సల్ మూడో వారాంతం కూడా చెయ్యాలని నేనంటే, అందరి ముందూ రానన్నాడు. రెండుసార్లు బయటపడని తప్పు మూడోసారి కూడా ఆ పద్ధతిలో బయటపడదు, ఆ టైములో వెనక్కి తిప్పే స్క్రిప్టు రాసుకుందాం అన్నాడు. మాట కటువుగానే అన్నాడు. నేను రిహార్సల్ పెట్టించాను, ఏమీ బయటపడలేదు. అసలు రిలీజు రాత్రి రెండింటికి పట్టికలు తారుమారైనప్పుడు మమ్మల్ని గట్టెక్కించింది, ఆయన ఎవరూ అడక్కుండా ఇంట్లో కూర్చుని రాసిపెట్టుకున్న ఆ స్క్రిప్టే. నెల తర్వాత అవార్డుకి పేర్లు పంపమన్నారు. కాంట్రాక్టర్లకీ ఇవ్వొచ్చు అన్నారు. ఐదు పేర్లు పంపాను. ఆయన పేరు రాయలేదు. ధోరణి బాగాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను, కారణం రాయమని నన్నెవరూ అడగలేదు కూడా. ఆ ఏడాది చివర ఆయన కాంట్రాక్టు అయిపోయింది, కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. ఈ పతకాల సంగతి తెలిసేదాకా ఆ ఐదు పేర్లు నాకు ఎప్పుడూ గుర్తు రాలేదు.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతూ మా ఆవిడకి చెప్పాను. "ఆయన నంబరుందా?" అంది. పాత ఫోనులో ఉంటుందన్నాను. ఆ ఫోను ఛార్జరు దొరకడానికి వారం పట్టింది. నంబరు ఉంది. మొన్న ఆదివారం చేస్తే మెసేజ్ పెట్టమంది. పేరు, ఏ ప్రాజెక్టో చెప్పి, ఆ స్క్రిప్టు గురించి మాట్లాడాలి, వీలుంటే ఫోన్ చెయ్యండి అన్నాను. ఇంకా చెయ్యలేదు.

వచ్చే నెలకి కెల్లీ టైలర్-లూయిస్ రాసిన 'ది లాస్ట్ మెన్' అనుకున్నాం, రాస్ సముద్రం వైపు పదిమంది కథ. ఎంచుకున్నది మా ఆవిడ. ఈసారి కలిసేది మొదటి మిత్రుడి ఇంట్లో.